తన్ను తాను నమ్ముకొనవచ్చునా?

ఎమర్సన్ వ్రాసిన ఒక వ్యాసముపై అధ్యయన పాఠము

చదువవలసిన వాక్యభాగములు: 1 సమూయేలు 17:31-40, 1 రాజులు 22:1-28, గలతీయులకు 2:11-14, గలతీయులకు 6:1-5.



గత వేసవి సెలవులలో మా సంఘపు యౌవనుడొకడు, పట్టణములో కాలేజీ చదువు చదువుచున్నవాడు, ఒక సాయంకాలము మా ఇంటి అరుగుమీద కూర్చుండి తన పాఠ్యపుస్తకమును మా చేతికిచ్చెను. "అయ్యగారూ, ఈ పాఠంలో ఈయన మన లోపలి మాటనే నమ్ముకోవాలంటున్నాడు. మీరేమో ప్రతి ఆదివారం మన తెలివిని నమ్ముకోవద్దంటారు. నేను ఎవరి మాట వినాలి?" అని అడిగెను. మేము వెంటనే జవాబు చెప్పలేకపోతిమి. సెమినరీలో ఉన్న దినములలో ఆ వ్యాసకర్త పేరు వినియున్నాము గాని ఆ వ్యాసమును తుదివరకు చదివినవారము కాము. "బాబూ, పుస్తకం నాలుగు రోజులు మా దగ్గర ఉండనీ" అంటిమి. నాలుగు దినములు కాదు, నాలుగు వారములు పట్టెను. చదివినకొలది అది ఆ పిల్లవాని ప్రశ్న మాత్రమే కాదనియు, మా ప్రశ్నయు, మీ ప్రశ్నయునైయున్నదనియు తెలిసికొంటిమి. అందుచేత ఈ నెల పాఠముగా దానిని మీ యెదుట ఉంచుచున్నాము.

1. వ్యాసకర్త ఎవరు?

రాల్ఫ్ వాల్డో ఎమర్సన్ అమెరికా దేశములో మసాచుసెట్స్ రాష్ట్రపు బోస్టన్ పట్టణమున 1803వ సంవత్సరము మే 25వ తేదీన పుట్టెను. ఆయన తండ్రి పాదిరి, తాతయు పాదిరియే. కుమారునికి ఎనిమిదేండ్లు నిండకమునుపే, 1811లో తండ్రి చనిపోయెను. తల్లి రూత్ తన ఇంటిలో అద్దెకు మనుష్యులను ఉంచుకొని, ఆ వచ్చినదానితో పిల్లలను పెంచెను. మేరీ మూడీ ఎమర్సన్ అను మేనత్త పిల్లల చదువు విషయమై మిక్కిలి శ్రద్ధ పుచ్చుకొనెను. పదునాలుగేండ్ల ప్రాయమున హార్వర్డ్ కాలేజీలో చేరి, 1821లో చదువు ముగించి, కొంతకాలము బడిపంతులుగా పనిచేసి, పిమ్మట ఆయనయు పరిచర్యకు సిద్ధపడెను.

1829లో బోస్టన్ పట్టణపు రెండవ సంఘమునకు ఆయన పాదిరిగా అభిషేకము పొందెను. అది యూనిటేరియన్ సంఘము, అనగా త్రిత్వమును ఒప్పుకొనని సంఘము. ఈ సంగతిని మనము మొదటనే తెలిసికొని చదువవలెను. ఆ సంవత్సరమే ఎల్లెన్ టకర్ అను కన్యకను ఆయన వివాహమాడెను. రెండేండ్లు నిండకమునుపే, 1831 ఫిబ్రవరిలో, ఆమె క్షయవ్యాధిచేత చనిపోయెను. అప్పటికి ఆమె వయస్సు పందొమ్మిదేండ్లు మాత్రమే.

మరుసటి సంవత్సరము, 1832లో, ఆయన పాదిరి పనిని విడిచిపెట్టెను. కారణమేమనగా, ప్రభురాత్రి భోజనమును ఎల్లకాలము ఆచరింపవలెనని క్రీస్తు నియమింపలేదని ఆయన తలంచెను. రొట్టె ద్రాక్షారసములను విడిచి వేరొక రీతిగా ప్రభువును జ్ఞాపకము చేసికొందమని సంఘమును అడిగెను. సంఘము ఒప్పుకొనలేదు. అప్పుడు తన అభిప్రాయమును ప్రసంగ వేదికమీద దాపరికము లేక చెప్పి, రాజీనామా ఇచ్చెను.

కొరింథీయులకు వ్రాసిన మొదటి పత్రిక పదునొకండవ అధ్యాయము చదువుకొన్న మనము ఈ విషయములో ఆయనతో ఏకీభవింపలేము. అయినను ఒక మాట చెప్పక తప్పదు. తాను నమ్మనిదానిని జీతముకొరకు చేయుటకు ఆయన ఒప్పుకొనలేదు. మనలో ఎందరము, కాపరులమే కానిండు పెద్దలమే కానిండు, మనస్సు లేని ప్రార్థనలను పెదవులతో చెప్పి దినములు గడుపుచున్నాము! ఆయన సిద్ధాంతము మనకు వద్దుగాని ఆయన యథార్థత మనకు కావలెను.

తరువాత ఆయన కాంకర్డ్ అను చిన్న ఊరిలో కాపురముండి, ఉపన్యాసములు చెప్పుచు, పుస్తకములు వ్రాయుచు జీవించెను. 1838లో హార్వర్డ్ దైవశాస్త్ర విద్యార్థుల యెదుట ఆయన చెప్పిన ఉపన్యాసము గొప్ప కలవరము పుట్టించెను. అటుపిమ్మట సుమారు ముప్పదియేండ్లు ఆ విద్యాలయము ఆయనను మరల మాటలాడుటకు పిలువలేదు. ఈ నిందలు ఇంకను చల్లారకమునుపే, 1841లో, పండ్రెండు వ్యాసముల సంపుటము ఒకటి అచ్చువేయించెను. అందులో రెండవ వ్యాసమే మన పాఠము. దాని పేరు "సెల్ఫ్ రిలయన్స్", అనగా తనమీద తాను ఆనుకొనుట.

2. వ్యాసములో ఏమున్నది?

వ్యాసము పొడుగైనది, భాష కఠినమైనది. అందులోని ముఖ్యమైన తలంపులను మా మాటలలో చెప్పుదుము.

మొదటిది, మన తలంపును మనమే త్రోసివేయుట. మనకొక సత్యము తోచును. అది మనకు తోచినది గనుక దానికి విలువ యుండదని ఊరకుందుము. రేపు అదే మాటను వేరొకడు గట్టిగా చెప్పును. అప్పుడు మన సొంత తలంపునే పరాయివాని నోటనుండి సిగ్గుతో తీసికొందుము. గొప్పవారి పుస్తకములు చదువునప్పుడు మనకు కలుగు ఆశ్చర్యములో సగము ఇదియే అని ఆయన భావము.

రెండవది, ఎవని చెలక వానిదే. ఈ ఉపమానము సేద్యగాండ్రమైన మనకు సులభముగా తెలియును. లోకమంతట ధాన్యము సమృద్ధిగా ఉన్నను, తనకు పాలుగా వచ్చిన నేలను తాను దున్నుకొననిదే ఏ మనుష్యునికిని ఒక్క గింజయైనను రాదని ఆయన చెప్పుచున్నాడు. దేవుడు ఒక్కొక్కనిలో ఒక్కొక్క క్రొత్త శక్తిని పెట్టియున్నాడు. ప్రయత్నించి చూచువరకు అది ఏమో వానికే తెలియదు. పొరుగువాని చేనువంక చూచుచు అసూయపడుట అజ్ఞానము, వానిని అనుకరించుట తన్ను తాను చంపుకొనుటతో సమానము అని ఆయన యెంచెను.

మూడవది, నలుగురి భయము. సమాజము మనుష్యునికి కూడు గ్యారంటీ చేసి, దానికి బదులుగా వాని స్వాతంత్ర్యమును తీసికొను ఉమ్మడి వ్యాపారమువంటిదని ఆయన తలంపు. అందరు నడిచినట్లు నడిచినవానిని అది మెచ్చుకొనును. తన మనస్సాక్షి చొప్పున నడుచువానిమీద మొగము ముడుచుకొనును. గుంపులో ఉన్నప్పుడు గుంపు మాట చెప్పుట సులభము. ఒంటరిగా ఉన్నప్పుడు మన మాట మనము చెప్పుకొనుటయు సులభమే. గుంపు నడుమ నిలిచి, కోపము లేక, తన మాటను కాపాడుకొనువాడే గొప్పవాడని ఆయన చెప్పును.

నాలుగవది, నిన్నటి మాటకు బానిసయగుట. నిన్న ఒకటి చెప్పితిని గనుక, ఈ దినము అది తప్పని తెలిసినను, నలుగురు నవ్వుదురని దానినే పట్టుకొని వ్రేలాడుట అల్పబుద్ధి అని ఆయన అభిప్రాయము. దీనికి ఓడ ప్రయాణమును సాదృశ్యముగా చూపెను. తెరచాప ఓడ గాలినిబట్టి ఒకసారి ఇటు, ఒకసారి అటు వంకరగా పోవును. దగ్గరనుండి చూచువానికి అది దారి తప్పినట్లుండును. దూరమునుండి చూచువానికి రేవువైపు తిన్నగా సాగినట్లు కనబడును. యథార్థముగా నడుచువాని బ్రతుకు అట్టిదే.

3. లేఖనములు దేనిని ఒప్పుకొనుచున్నవి?

ఇదంతయు విని, ఇది గర్వుల బోధ అని కొందరు త్రోసివేయుదురు. త్రోసివేయకమునుపు లేఖనములను చూతము.

దావీదు గొల్యాతుమీదికి పోవునప్పుడు సౌలు రాజు తన యుద్ధ కవచమును అతనికి తొడిగించెను. అది రాజకవచము, ఎవడు కాదనును? అయితే దావీదు దానిని వేసికొని నడువ చూచి, ఇది తనకు వాడుకలేనిదని చెప్పి విప్పివేసెను. వాగులోని అయిదు నున్నని రాళ్లు, చేతి వడిసెల, ఇవే అతనికి తెలిసిన ఆయుధములు. దేవుడు వానితోనే జయమిచ్చెను. పరాయి కవచము ఎంత మంచిదైనను మనకు సరిపడదు.

ఈ మాట మేము నవ్వుచు నేర్చుకొన్నాము. పరిచర్య ఆరంభించిన దినములలో పట్టణమునుండి వచ్చిన ఒక గొప్ప ప్రసంగీకుని విని, ఆయన గొంతును, చేతులు త్రిప్పు రీతిని నేర్చుకొని మా గ్రామమున ప్రసంగించితిమి. ఆరాధన ముగిసిన తరువాత ఒక ముసలి పెద్ద దగ్గరకు వచ్చి, "అయ్యగారూ, ఈ పూట తమకు జలుబు చేసిందా?" అని అడిగెను. అది సౌలు కవచమని అప్పుడు తెలిసెను. మీలో కొందరు పట్టణపు పెండ్లి చూచి, అట్టి పందిరి, అట్టి విందు కావలెనని ఎకరము పొలము తాకట్టు పెట్టుచున్నారు. అదియు సౌలు కవచమే, సహోదరులారా. దానిని మోయుచు ఎంత దూరము నడువగలరు?

మీకాయా సంగతి చూడుడు. ఇద్దరు రాజులు సింహాసనములమీద కూర్చున్నారు. నాలుగువందలమంది ప్రవక్తలు ఒక్క నోటితో యుద్ధమునకు పొమ్మనిరి. మీకాయాను పిలువబోయిన దూత, నీవును వారివలెనే మంచిమాట చెప్పుమని దారిలోనే బ్రతిమాలెను. మీకాయా యెహోవా తనకు సెలవిచ్చినదే చెప్పుదుననెను, చెంపదెబ్బ తినెను, చెరసాలకు పోయెను. నాలుగువందలమంది ఒక ప్రక్క, ఒక్కడు ఒక ప్రక్క. సత్యము ఒక్కనితో ఉండెను. సత్యమును చేతులెత్తించి లెక్కపెట్టుట కుదరదు.

పేతురు సంగతి మరి ఆలోచింపదగినది. అంతియొకయలో అన్యజనులైన విశ్వాసులతో కలిసి భోజనము చేయుచుండినవాడు, యెరూషలేమునుండి కొందరు రాగానే వారికి భయపడి వెనుకకు తీసి వేరైపోయెను. అతనిని చూచి తక్కినవారును, బర్నబా సహితము, అట్లే చేసిరి. అన్యజనులును అంగీకరింపబడిరని పేతురు ఎరుగును. యొప్పే పట్టణములో మిద్దెమీద దర్శనము చూచినవాడు అతడే గదా! తెలియకపోవుట అతని తప్పు కాదు. తెలిసినదానిని నలుగురి మొగము చూచి విడిచిపెట్టుట అతని తప్పు. పౌలు అందరి యెదుట అతనిని గద్దింపవలసివచ్చెను. భోజనపు బంతిలో ఎవరు ఎవరి ప్రక్కన కూర్చుందురు అను ప్రశ్న మన గ్రామములలోను, మన సంఘములలోను ఇంకను ఉన్నది గనుక ఈ భాగమును మెల్లగా చదువుడి.

కావున సమూహమునకు భయపడి మనస్సాక్షిని అమ్ముకొనవద్దని ఎమర్సన్ చెప్పిన మాట లేఖనములకు విరోధమైనది కాదు.

4. మా తప్పిదము

మేము పాఠము చెప్పువారమే గాని ఈ విషయములో గెలిచినవారము కాము. కొన్ని సంవత్సరముల క్రిందట వేరొక గ్రామములో సేవ చేయుచుండగా, ఆ సంఘములోని ఒక యౌవన విధవరాలినిగూర్చి ఊరిలో ఒక మాట పుట్టెను. అది తేలువరకు ఆమెను ప్రభువు బల్లకు రానియ్యకూడదని పెద్దలు కూడి తీర్మానించిరి. అక్కడ కూర్చున్న మా మనస్సులో ఒక్క ప్రశ్న లేచెను: ఆమెను ఎవరైనను పిలిచి అడిగిరా? ప్రశ్న నాలుక చివరికి వచ్చెను. పెద్దలు మాకంటె వయస్సున పెద్దవారు. కోత పండుగ దగ్గరపడుచుండెను, గుడి కప్పు బాగుచేయవలసియుండెను. ఇందరికి తోచనిది మాకు మాత్రమే తోచునా అనుకొని, ప్రశ్నను మ్రింగివేసి, ముగింపు ప్రార్థన చేసితిమి.

పది దినములైన తరువాత ఒక ఇంటి కూటములో, అక్షరము రాని ఒక అవ్వ లేచి, "అయ్యగారూ, అందరూ ఆ పిల్ల గురించి చెప్పుకుంటున్నారు. ఆ పిల్లని ఎవరైనా పిలిచి అడిగారా?" అనెను. కూటమంతయు నిశ్శబ్దమాయెను. అది మా ప్రశ్నయే. మేము త్రోసివేసిన మాటయే ఆ అవ్వ నోట అధికారముతో మాయొద్దకు తిరిగివచ్చెను.

మరుసటి దినము పెద్దలను కూర్చి విచారించితిమి. ఆ మాటలో నిజము లేదని తేలెను. పెద్దలు తీర్మానమును కొట్టివేసిరి. అయితే అప్పటికే ఆమె పిల్లలను తీసికొని పుట్టింటికి వెళ్లిపోయెను. మేము వెళ్లి క్షమాపణ అడిగితిమి. ఆమె మాకు మంచినీళ్లిచ్చి, మర్యాదగా మాటలాడి పంపెను గాని ఆ గుడికి మరల రాలేదు. ఎమర్సన్ వ్యాసములో, త్రోసివేసిన తలంపులనుగూర్చిన ఆ మొదటి పుట చదివినప్పుడు పుస్తకమును మూసి చాలసేపు కూర్చుంటిమి. ఆయన ప్రభువు బల్లను విడిచిపెట్టెనని మేము తప్పుపట్టుచుంటిమి. మేమో, ఆ బల్లయొద్దనుండి ఒక నిర్దోషిని వెళ్లగొట్టుటకు మౌనముచేత ఒప్పుకొంటిమి. ఎవరి తప్పు పెద్దది?

5. మనము ఎక్కడ ఆగవలెను?

ఇంతవరకు ఎమర్సన్‌తో నడిచితిమి. ఇక ఆగవలసిన చోట్లు ఉన్నవి.

మొదట, హృదయముయొక్క మోసము. లోపలి ప్రేరణ పైనుండి కాక క్రిందినుండి వచ్చినదైతే ఏమి చేయుదువని తన్ను ఒకరు అడిగినట్లు ఆయనే వ్రాసెను. తనకు అట్లు తోచుట లేదనియు, ఒకవేళ తాను అపవాది బిడ్డనే అయినయెడల ఆ చొప్పుననే బ్రతుకుదుననియు ఆయన జవాబు. ఇది ధైర్యమైన జవాబేగాని క్షేమమైన జవాబు కాదు. హృదయము మోసకరమైనదని యిర్మీయా పదునేడవ అధ్యాయము బోధించుచున్నది. న్యాయాధిపతుల గ్రంథపు చివరి మాటను చూడుడు. ఎవనికి ఏది మంచిదని తోచితే వాడు అది చేసిన కాలము ఇశ్రాయేలులో మేలైన కాలము కాదు. త్రాగుబోతుకును లోపల ఒక స్వరముండును. భార్యను కొట్టువాడును తన మనస్సు చెప్పినట్లే చేయుచున్నాననును.

ఇక్కడ మన తెలుగు మాటనుగూర్చి ఒక సంగతి. ఈ వ్యాసపు పేరును "ఆత్మవిశ్వాసము" అని తెలుగు చేయవచ్చును. మన భాషలో ఆత్మ అనగా తాను అనియు అర్థము, ప్రాణము అనియు అర్థము. మన బైబిలులో దేవుని ఆత్మకును అదే మాట. ఎమర్సన్ భావములో ఇవన్నియు ఒకటిగా కలిసిపోయినవి. ఆయన నమ్ముకొమ్మన్నది నా కోరికలను, నా పట్టుదలను కాదు. మనుష్యులందరి లోపల ఒకే దివ్యశక్తి యున్నదనియు, మనస్సు నిర్మలమైనప్పుడు అది మాటలాడుననియు ఆయన తలంచెను. మనకు మనుష్యుని ఆత్మ వేరు, పరిశుద్ధాత్మ వేరు. ఆయన మనలో నివసించును గాని మనము ఆయన కాము. ఈ భేదమును పోగొట్టుకొన్నయెడల మన పంతమునే దేవుని స్వరమని పిలుచుకొందుము.

రెండవది, ప్రార్థన. ఏదో ఒక వస్తువుకొరకు దేవుని వేడుకొనుట నీచమని ఆయన యెంచెను. కలుపు తీయుటకు చేనులో మోకరించిన రైతు చేయు పనియే నిజమైన ప్రార్థన అని చెప్పెను. చేతిపని ప్రార్థన కాగలదనుట మంచి మాట. సోమరితనమును ప్రార్థన ముసుగులో దాచుకొనువారికి అది తగిన గద్దింపు. అయితే కలుపు తీసిన రైతు వాన కురిపింపలేడు. అనుదినాహారమును అడుగుమని ప్రభువే మనకు నేర్పెను. తండ్రిని అడుగుట బిడ్డకు అవమానము కాదు.

మూడవది, బీదలు. తనకు సంబంధములేని బీదలకు ఇచ్చు ప్రతి కాసునుగూర్చి ఆయన సణిగెను. ఒక్కొక్కప్పుడు మొగమాటమునకు ఇచ్చుచున్నానని ఒప్పుకొని సిగ్గుపడెను. నా పొరుగువాడెవడని అడిగినవానికి ప్రభువు మంచి సమరయుని కథ చెప్పెను. ఆ కథ విన్న మనము ఆ సణుగుడులో పాలుపొందలేము.

మరియొక సంగతి. ఎమర్సన్‌కు మొదటి భార్య ఎల్లెన్ ఆస్తిలోనుండి ఏటేట కొంత ధనము వచ్చుచుండెను. పాదిరి జీతము పోయినను ఆయన పొయ్యి ఆరిపోలేదు. దినకూలివాడు ఆసామి యెదుట నిలిచి కాదన్నయెడల మరుసటి దినము పని దొరకకపోవచ్చును. అందుచేత ఒంటరిగా నిలువుమని బీదవానికి ఉపదేశించి మన దారిని మనము పోరాదు. వాడు నిలిచిన దినమున వాని ఇంటికి బియ్యము చేర్చవలసినది సంఘమే. గలతీయులకు వ్రాసిన పత్రిక ఆరవ అధ్యాయములో పౌలు ఒకరి భారములు ఒకరు భరింపవలెననెను. మూడు వచనములు దాటకమునుపే ఎవని బరువు వాడే మోసికొనవలెననెను. ఈ రెండును కలిసియే సువార్త. ఎమర్సన్ రెండవదానిని గట్టిగా పట్టుకొని మొదటిదానిని సడలవిడిచెను.

6. ఆయన జీవితము చెప్పు సాక్ష్యము

ఆయన బ్రతుకు ఆయన వ్యాసముకంటె పెద్దదైయుండెను. 1838లో చెరోకీ అను ఆదివాసులను వారి స్వస్థలములనుండి సైన్యముచేత వెళ్లగొట్టుటకు ప్రభుత్వము పూనుకొన్నప్పుడు, ఆయన దేశాధ్యక్షుడైన వాన్ బ్యూరెన్‌కు బహిరంగ లేఖ వ్రాసి ఖండించెను. ప్రభుత్వము వినలేదు, ఆ ప్రయాణములో వేలమంది చనిపోయిరి. అయినను ఆ లేఖ నిలిచియున్నది. పారిపోయిన బానిసలను పట్టి యజమానులకు అప్పగింపవలెనని 1850లో చట్టము వచ్చినప్పుడు దానికి విరోధముగా మాటలాడెను. సంబంధములేని బీదలంటూ సణిగినవాడే సంబంధములేని బానిసలకొరకు నోరు తెరచెను. నిన్నటి మాటకు బానిస కారాదని తాను వ్రాసినదానిని ఇట్లు నెరవేర్చెనని చెప్పవచ్చును.

ఆయన స్నేహితుడైన హెన్రీ డేవిడ్ థోరో 1845లో వాల్డెన్ చెరువు దగ్గర కట్టుకొన్న చిన్న ఇల్లు ఎమర్సన్ నేలమీదనే యుండెను. బానిసత్వమును కాపాడు ప్రభుత్వమునకు పన్ను కట్టనని థోరో 1846లో ఒక రాత్రి చెరసాలలో ఉండి, తరువాత దానినిగూర్చి ఒక వ్యాసము వ్రాసెను. దక్షిణ ఆఫ్రికాలో ఉన్నప్పుడు గాంధీగారు ఆ వ్యాసమును చదివిరి. ఒక్కని మనస్సాక్షి ఎంత దూరము ప్రయాణము చేయునో చూడుడు.

అయితే వ్యాసము అచ్చయిన మరుసటి సంవత్సరమే, 1842 జనవరిలో, ఎమర్సన్ పెద్ద కుమారుడు, అయిదేండ్ల వాల్డో, స్కార్లెట్ జ్వరముచేత చనిపోయెను. తన్ను తాను నమ్ముకొనుమని లోకమునకు బోధించినవాడు ఆ దినములలో మేనత్తకును స్నేహితులకును దుఃఖముతో జాబులు వ్రాసెను. ఏడ్చువారితో కూర్చుండి ఏడ్చుట మేలు కాదని వ్యాసములో వ్రాసినవానికి తనతో ఏడ్చువారు కావలసివచ్చిరి. దీనిని ఆయనను ఎగతాళి చేయుటకు చెప్పుట లేదు. ఏ మనుష్యుడును తనమీదనే పూర్తిగా ఆనుకొని నిలువలేడని చెప్పుచున్నాము. ఆయన 1882 ఏప్రిల్ 27న కాంకర్డ్‌లో చనిపోయెను.

7. లోపలి స్వరమును ఎట్లు పరీక్షింపవలెను?

ఆ యౌవనుడు అడిగిన ప్రశ్నకు ఇప్పుడు జవాబు చెప్పవలెను. మనలో తోచిన మాటను మూడు విధములుగా పరీక్షించి చూడుడి.

(అ) అది క్రీస్తు నడిచిన నడతకు సరిపడునా? పగ తీర్చుకొమ్మను స్వరము, ఒకనిని తక్కువవానిగా చూడుమను స్వరము ఎంత గట్టిగా పలికినను అది ప్రభువునుండి వచ్చినది కాదు.

(ఆ) దాని వెల ఎవరు చెల్లింతురు? మనస్సాక్షి సాధారణముగా మననే వెల చెల్లింపుమనును. మన సుఖముకొరకు ఇంకొకడు నష్టపడవలెనని చెప్పు స్వరమును అనుమానింపుడి. ఆ విధవరాలి విషయములో మేము మాటలాడియుంటే మాకు నష్టము. మాటలాడలేదు గనుక ఆమెకు నష్టము. ఆ దినము ఏ స్వరము వినవలసియుండెనో ఇప్పుడు స్పష్టముగా తెలియుచున్నది.

(ఇ) దానిని సహోదరుల యెదుట వెలుగులో పెట్టగలమా? పౌలు పేతురు వెనుక గుసగుసలాడలేదు, ముఖాముఖిగా చెప్పెను. చెప్పువాడు దిద్దుబాటునకును లోబడవలెను. నా మాట తప్పని రుజువైనయెడల, నిన్న చెప్పితినని పంతము పట్టక విడిచిపెట్టవలెను.

ఈ మూడు పరీక్షలకు నిలిచిన మాటను, మీరు చదువురానివారైనను, స్త్రీలైనను, పిల్లలైనను, మ్రింగివేయకుడి. ఆ అవ్వవలె లేచి చెప్పుడి. సంఘములో కాపరి నోటనుండి మాత్రమే దేవుడు మాటలాడునని ఎక్కడను వ్రాయబడలేదు.

పుస్తకము తిరిగి ఇచ్చునప్పుడు మేము ఆ యౌవనునితో, "బాబూ, ఈయన మాట విను, మా మాటా విను. రెండూ విన్నాక దేవుని యెదుట మోకరించి నీ మనస్సాక్షి చెప్పింది చెయ్యి. తప్పు చేస్తే చెప్పడానికి మేమున్నాం. మేము తప్పు చేస్తే చెప్పడానికి నువ్వుండు" అంటిమి. అతడు కొంచెము సేపు ఊరకుండి, "అయితే అయ్యగారూ, మొన్న కమిటీలో మీరు తీర్మానించిన ఒక విషయం గురించి అడగనా?" అనెను. మేము అరుగుమీద మరికొంచెము జరిగి అతనికి చోటిచ్చితిమి.

ఇంటి కూటములలో మాటలాడుకొనుటకు ప్రశ్నలు:

1. నలుగురికి భయపడి మీరు మ్రింగివేసిన మంచి మాట ఏది? దానివలన ఎవరు నష్టపోయిరి?

2. మీ ఇంటిలో ఉన్న "సౌలు కవచము" ఏది?

3. నాలుగువందలమంది ఒకవైపున ఉన్నప్పుడు మీకాయా తన మాట పంతము కాదని ఎట్లు ఎరుగును?

4. మన సంఘములో న్యాయముకొరకు నిలిచి కూలి పోగొట్టుకొన్నవానికి మనము ఏమి చేయగలము?

ప్రార్థన: ప్రభువా, మాలో నీవు ఉంచిన వెలుగును మనుష్యులకు భయపడి ఆర్పివేసితిమి, క్షమించుము. మా పంతమును నీ స్వరమని పిలువకుండ మమ్మును కాపాడుము. ఒంటరిగా నిలువవలసిన దినమున ధైర్యమును, ఒంటరిగా నిలిచినవాని ప్రక్కకు చేరు ప్రేమను మాకు దయచేయుము. ఆమేన్.